బిళ్ల చెప్పిన లెక్క

పరకాల దాటి రేగొండ మీదుగా మీరు భూపాలపల్లి దారి పట్టారు. చెల్పూరు ఇంకా రాకముందే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనబడుతున్నాయి. 2010లో మొదలైన 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 2016లో దానికి తోడొచ్చిన 600 మెగావాట్ల యూనిట్ మరొకటి. అవతల సింగరేణి గనులు, ఊరివాళ్ల నోట కాకతీయ ఖనులు. కరెంటు కేంద్రం గోదావరి నీళ్లు తాగుతుంది, గనులు భూమి కింద ఊరిన నీళ్లను బయటికి తోడుతాయి. ఈ దారిలో నీళ్లు నడిచేది ఎక్కువగా ఇనుప గొట్టాల్లోనే.

మీ బండి వాటి దగ్గర ఆగలేదు. మట్టిబాటలోకి మళ్లి ఒక పరిశ్రమ పంప్ హౌస్ ముందు ఆగింది. మార్చి నెలాఖరు. పొద్దున ఏడు కూడా కాలేదు, అప్పుడే ఎండ భుజాల మీద కూర్చుంది. ముందు ఆ పైపు మీద చెయ్యి పెట్టి చూడండి. 600 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ గొట్టం, కాంక్రీటు దిమ్మెల మీద నడుం ఎత్తున పడుకుని ఉంది. పైన ఎండ కాస్తున్నా లోహం చల్లగా తగులుతుంది. అరచేతి కింద సన్నటి వణుకు. లోపల నీళ్లు నిండుగా పోతున్నాయని ఆ వణుకే చెబుతుంది. ఎంత పోతున్నాయో చెప్పే సెన్సర్‌ను ఈ పూట దీని ఒంట్లో దించాలి. నీళ్లు ఆపకుండా దించాలి, ఎందుకంటే ఈ లైన్ ఆగితే అవతల ప్లాంటు ఆగుతుంది.

పనికి వచ్చినవాళ్లు నలుగురు. ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీర్ మేడం, ముప్పై దాటి ఉండదు, చేతిలో డ్రాయింగ్ చుట్ట. ఫిట్టర్ జనగామ మనిషి, మీసం తెల్లబడ్డది. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లు, బోరు మోటర్లు బిగించి పని నేర్చుకున్నవాడు. వెల్డర్ మానుకోట వైపు బయ్యారం నుంచి వచ్చాడు. నాలుగో అతను హెల్పర్ పిల్లగాడు, ఐటీఐ అయిపోయి ఇంకా ఏడాది కాలేదు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోకముందు వీళ్ల ఊళ్లలో చాలా భాగం పాత వరంగల్ కిందివే. బయ్యారం మాత్రం అప్పట్లో ఖమ్మంలో ఉండేది. ఆ బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉంది. అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమో కాదో చూడాలని 2014 విభజన చట్టంలోనే రాసుకున్నారు. ఇంటి పక్కన ఇనుము పెట్టుకుని ఈ వెల్డర్ రాడ్ల పెట్టె భుజానికేసుకుని ఊరూరా తిరుగుతున్నాడు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మేడం డ్రాయింగ్ విప్పి పైపు మీద పరిచింది. సెన్సర్ గుర్తు పంప్ హౌస్ గోడకు దగ్గరగా, బటర్‌ఫ్లై వాల్వ్ దాటాక రెండున్నర మీటర్ల దూరంలో ఉంది. అక్కడ రేకుల నీడ ఉంది, కేబుల్ ట్రే ఉంది, నిలబడేందుకు చదునైన గచ్చు ఉంది. ఎవరికైనా అదే మంచి చోటనిపిస్తుంది.

ఫిట్టర్ గుర్తు వైపు చూడలేదు. వాల్వ్ వెనక్కి వెళ్లి పైపు ఎక్కడి నుంచి వస్తుందో చూశాడు. పంపు నుంచి లేచిన గొట్టం పైకి ఒక బెండు, వెంటనే పక్కకు ఒక బెండు తిరిగింది. ఆ తర్వాతే వాల్వ్, అదీ పూర్తిగా తెరిచి లేదు.

"మేడం, గీడ పెడితే లోపల నీళ్లు సక్కగ నడవయి. రెండు బెండ్లు తిరిగొచ్చిన నీళ్లు, కవ్వం పెట్టి చిలికినట్టు సుళ్లు తిరుగుతయి. అటెన్క సగం తెర్సిన వాల్వ్. మీటరు ఏదో ఒకటి సూపిస్తది, కని అది నిజం గాదు."

"మరి ఎక్కడ పెడదామన్నా?"

అతను నడిచాడు. వెంట మీరూ నడవండి. గొట్టం పొడవునా సుద్దముక్కతో అడ్డగీతలు గీస్తూ, పెదవులతో లెక్క పెడుతూ వెళ్తున్నాడు. గీతకూ గీతకూ మధ్య ఒక పైపు వ్యాసమంత దూరం. ముప్పయ్యో గీత దగ్గర ఆగాడు. వాల్వ్ నుంచి 18 మీటర్లు. ముందు ఇంకో 7 మీటర్ల దాకా బెండు లేదు, వాల్వ్ లేదు, టీ లేదు. సెన్సర్ల పుస్తకాల్లో మామూలుగా రాసే మాట ముందు పది వ్యాసాలు, వెనక ఐదు వ్యాసాలు తిన్నని గొట్టం ఉండాలని. అది ఒక్క బెండుకు సరిపోయే మాట. వేర్వేరు దిక్కులకు తిరిగిన రెండు బెండ్లకు పాతిక పైనే కావాలి. సగం తెరిచిన వాల్వ్ ఉంటే యాభై అడిగే తయారీదార్లూ ఉన్నారు. ఇక్కడ యాభై లేదు, ముప్పై ఉంది.

"ముప్పైకి మించి జాగ లేదు మేడం. అటు పోతే మళ్ల బెండొస్తది. వాల్వ్ మాత్రం పూర తెరిపియ్యుండ్రి, గప్పుడు ఈడ ఫికర్ లేదు."

"కేబుల్ పదహారు మీటర్లు ఎక్కువ పడుతుంది."

"పడనియ్యుండ్రి."

మేడం ఒక్క నిమిషం ఎండలోకి చూసింది. నీడ లేని చోటు, గచ్చు లేని చోటు, కొత్తగా కండ్యూట్ పాతాల్సిన చోటు. ఫోన్ తీసి ఆపరేషన్ వాళ్లతో మాట్లాడింది. వాల్వ్ పూర్తిగా తెరిచి, ప్రవాహాన్ని పంపు దగ్గరే సరిచేసుకునేందుకు వాళ్లు ఒప్పుకున్నారు. డ్రాయింగ్ మీద పాత గుర్తు కొట్టేసి కొత్త గుర్తు పెట్టి సంతకం చేసింది. ఇలాంటి పనుల్లో సగం కష్టం ఈ సంతకం దగ్గరే ఉంటుంది. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకు తెర మీద కనిపించే అంకె ఎంత నమ్మదగిందో తేలేది ఆ తెర కొన్నప్పుడు కాదు, ఎండలో ఈ సుద్దగీత గీసినప్పుడు.

ఇక గొట్టం చుట్టుకొలత. హెల్పర్ టేపు చుట్టాడు, మెలిక పడకుండా అడుగున చెయ్యి పెట్టి లాగాడు. 1,916 మిల్లీమీటర్లు. పై (π)తో భాగిస్తే బయటి వ్యాసం 610. తర్వాత వెల్డర్ గ్రైండర్ పెట్టి తుప్పూ పెయింటూ అరచేయంత మేర గీకాడు. వెండిలా మెరిసిన ఆ చోట మేడం జెల్ రాసి అల్ట్రాసోనిక్ గేజ్ ఆనించింది. గోడ మందం ఒకచోట 7.6, పక్కన 7.5, పైన 7.8, కింద 7.6. డ్రాయింగ్‌లో 8 అని ఉంది. ఇన్నేళ్లలో కొంత తిన్నది. అయినా బతికున్న లైన్ మీద వెల్డింగ్ చేసేందుకు ఈ మందం చాలు. మూడు నాలుగు మిల్లీమీటర్లకు అరిగిపోయి ఉంటే ఈపాటికి సామాన్లు సర్దుకుని వెళ్లిపోయేవాళ్లు.

గొట్టం మీద ఏ కోణంలో పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. నెత్తి మీద పెడితే పైభాగంలో చేరిన గాలి బుడగలు సెన్సర్‌కు తగులుతాయి. అడుగున పెడితే గోదావరి తెచ్చిన ఒండ్రు పేరుకుంటుంది. అందుకే పక్కకు వాల్చి, నెత్తి నుంచి 45 డిగ్రీల దగ్గర గుర్తు పెట్టారు. గుర్తు పెట్టాక ఫిట్టర్ సెన్సర్ కడ్డీని చేతిలోకి తీసుకుని ఆ కోణంలో గాల్లోకి పట్టి చూశాడు. రేపు దీన్ని బయటికి లాగాలంటే కడ్డీ పొడవంత ఖాళీ జాగా అవతల ఉండాలి కదా. పక్క లైన్ తగలడం లేదు. సరే అన్నాడు.

వెల్డర్ పని మొదలైంది. హాట్ వర్క్ పర్మిట్ పైపుకు కట్టారు, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టారు, ఎండు గడ్డి పీకేశారు. రెండించుల కప్లింగును గొట్టం వంపుకు సరిపడా ముందే గ్రైండ్ చేసి తెచ్చారు. దాన్ని ఆనించి, స్పిరిట్ లెవల్‌తో కోణం చూసి, నాలుగు టాకాలు వేశాడు. రాడ్లు 7018 రకం. వేడి పెట్టెలోంచి ఒక్కొక్కటే తీస్తున్నాడు. గొట్టం లోపల పారే నీళ్లు వెల్డింగ్ వేడిని క్షణాల్లో లాగేస్తాయి. అంత తొందరగా చల్లారిన ఉక్కు పెళుసెక్కుతుంది, రాడ్‌లో తేమ ఉంటే పగులుతుంది కూడా. అందుకే ఆ రాడ్, అందుకే ఆ పెట్టె. మీరు వెలుగు వైపు చూడకండి, అతని మోచెయ్యి చూడండి. పలక మీద అక్షరం దిద్దించే పంతులు చెయ్యి కదిలినంత నెమ్మదిగా, ఒక్క తీరుగా కదులుతోంది. ఒక చుట్టు, పొక్కు కొట్టి బ్రష్ చేసి రెండో చుట్టు, మళ్లీ మూడో చుట్టు.

చల్లారాక కప్లింగు మీద రెండించుల బాల్ వాల్వ్ బిగించారు. రంధ్రం నిండా తెరుచుకునే రకం వాల్వ్ కావాలి, లేకపోతే కట్టర్ అందులోంచి దూరదు. చేతి పంపుతో అందులోకి నీళ్లెక్కించి 9 కేజీల ప్రెషర్ పెట్టి పావుగంట వదిలారు. లోపలి లైన్‌లో ఉన్నది 6 కేజీలు. గేజ్ ముల్లు కదల్లేదు. వెల్డింగ్ మీద ఒక్క చెమట చుక్క లేదు.

గొట్టానికి ఇంకా రంధ్రం పడలేదు. ఇప్పుడు పడుతుంది.

తెరిచిన బాల్ వాల్వ్ మీద హాట్ ట్యాపింగ్ యంత్రాన్ని ఎక్కించారు. చూడటానికి పొడవాటి ఇత్తడి గొట్టం, పైన తిప్పే పిడి. లోపల 44 మిల్లీమీటర్ల కట్టర్, దాని మధ్యలో పైలట్ డ్రిల్లు. ఫిట్టర్ పిడి తిప్పుతున్నాడు, రెండో చేత్తో ఫీడ్ ఇస్తున్నాడు. కిర్రుమని మొదలైన చప్పుడు లోతుకు పోయేకొద్దీ మారుతోంది. ఉన్నట్టుండి పక్కనున్న చిన్న బ్లీడర్ లోంచి నీళ్లు చిమ్మాయి. పైలట్ గోడ దాటింది. హెల్పర్ రెండడుగులు వెనక్కి దూకాడు.

"ఏం గాదు తమ్మీ. బ్లీడర్ మూయి. ఇగో ఇప్పటిసంది పిడి ఎట్ల తిరుగుతుందో నీ చేతికి ఎరుకగావాలె. పట్టు."

పిల్లగాడి చేతిని పిడి మీద పెట్టి, పైన తన చెయ్యి వేశాడు. కట్టర్ అంచు ఉక్కును కొరుకుతున్నంత సేపు పిడి బరువుగా ఉంటుంది. గోడ తెగే ముందు కొంచెం కొంచెం పట్టుకుంటుంది, తెగగానే చేతిలో తేలికవుతుంది. అక్కడ తొందరపడితే కట్టర్ ఇరుక్కుంటుంది. తేలికైంది. కట్టర్‌ను వెనక్కి లాగి బాల్ వాల్వ్ మూశారు, బ్లీడర్ తెరిచి మిగిలిన నీళ్లు వదిలి యంత్రాన్ని విప్పారు. పైలట్ డ్రిల్లుకు తగులుకుని బయటికి వచ్చింది, గొట్టం గోడ లోంచి తెగిన గుండ్రటి ఇనుప బిళ్ల.

ఆ బిళ్ల నిజంగానే బయటికి వచ్చిందా అని అందరూ ఒకసారి చూసుకుంటారు. లోపల జారిపోతే అది నీళ్లతో కొట్టుకుపోయి ఏ వాల్వ్ సీటులోనో కూర్చుంటుంది. వచ్చింది. ఇంకా తడిగా ఉంది. మీ అరచేతిలోకి తీసుకోండి. ఒకవైపు గ్రైండర్ గీతలు, మెరుపు. రెండోవైపు తిప్పండి. గోధుమరంగు పొర, గరుకుగా, గోరుతో గీకితే లేవదు. మేడం వెర్నియర్ పట్టింది. ఉక్కు 7.6, దాని మీద పొర 2 మిల్లీమీటర్లు.

నా మటుకు ఈ రోజంతా ఒక ఎత్తు, ఈ రెండు మిల్లీమీటర్లు ఒక ఎత్తు. అల్ట్రాసోనిక్ గేజ్ ఉక్కు మందం చెప్పింది కానీ ఈ పొర సంగతి చెప్పలేదు. డ్రాయింగ్ చెప్పేది 600. మనిషి చేతికి తగిలిన నిజం వేరు. మేడం పంప్ హౌస్ గోడ నీడలో గొంతుకూర్చుని లెక్క వేస్తోంది, ఆమె భుజం మీంచి చూడండి. బయటి వ్యాసం 610. రెండు వైపులా ఉక్కు 15.2 తీసేయాలి, రెండు వైపులా పొర 4 తీసేయాలి. మిగిలేది 590.8. ఇన్సర్షన్ సెన్సర్ కొలిచేది ఒక చోట నీటి వేగం మాత్రమే, ప్రవాహం కాదు. ఆ వేగాన్ని గొట్టం లోపలి వైశాల్యంతో గుణించి ప్రవాహం ఇంత అని చెప్పేది ట్రాన్స్‌మిటర్. వైశాల్యం మనం చెప్పిందే నమ్ముతుంది. సెకనుకు 1.9 మీటర్ల వేగం ఉందనుకుంటే, 600 అని చెప్పినప్పుడు గంటకు 1,934 ఘనపు మీటర్లు చూపిస్తుంది. 590.8 అని చెబితే 1,875. తేడా 59. రోజుకు 1,416 ఘనపు మీటర్లు, అంటే 14 లక్షల లీటర్ల పైమాట.

మిషన్ భగీరథ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలని లెక్క పెట్టుకున్నారు. ఆ కొలతన 14 వేల మంది ఒక రోజు వాడుకునే నీళ్లు, ఎవరూ తోడకుండా, ఎవరూ తాగకుండా, కాగితం మీద మాత్రమే పారుతాయి. పొర ప్రతిచోటా ఇంతే ఉందని ఒక్క బిళ్లతో చెప్పలేం. అందుకే మేడం ఆ అంకె పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టుకుంది. చివర్లో సంపు దగ్గర దాన్ని తేలుస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటారా? కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబర్ 7న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కూలింగ్ టవర్లున్న పాత థర్మల్ కేంద్రాలు ఒక మెగావాట్ అవర్ కరెంటుకు 3.5 ఘనపు మీటర్ల నీళ్లు మించకూడదు. మనం దారిలో చూసిన 1,100 మెగావాట్లు పూర్తి లోడు మీద నడిస్తే గంటకు 3,850 ఘనపు మీటర్లు ఆ హద్దు. దాటామా లేదా అన్నది ఏ పరిశ్రమకైనా ఇలాంటి మీటర్లే చెప్పాలి. మూడు శాతం తప్పు చూపే మీటర్ హద్దులో ఉన్నవాణ్ని దోషిని చేయగలదు, హద్దు దాటినవాణ్ని మంచివాణ్నీ చేయగలదు. ఒకే నదిని పొలాలకు, తాగునీటికి, కరెంటుకు పంచుకుంటున్నప్పుడు ఆ అంకె మీద గొడవలు రాకూడదు. గంగారం దగ్గర గోదావరిని ఎత్తిపోసి జనగామ మెట్ట చెరువుల దాకా తెస్తున్న దేవాదుల పథకం కూడా ఈ పంపకంలోదే. నీళ్లకు కరువైన ఊళ్లో పుట్టాడు కాబట్టే కాబోలు, ఆ ఫిట్టర్‌కు సుద్దగీతల దగ్గర అంత పట్టుదల.

నీళ్ల లెక్క ఈ నేలకు కొత్త కాదు. పక్కనే గణపురంలో గణపతిదేవుడి పేరు మోసే గణపసముద్రం ఉంది. అలాంటి చెరువుల కింద తూము ఎంత ఎత్తితే ఏ కాలువకు ఎంత పోతుందో నీరటికి తెలుసు, ఊరంతా అతని మాట మీద నడిచేది. అవతల ప్యారిస్‌లో 1732లో ఆన్రీ పీటో వంచిన గాజు గొట్టాన్ని సేన్ నదిలో దించి, గొట్టంలో నీళ్లు ఎంత ఎత్తు లేచాయో చూసి వేగం కట్టాడు. లోతుకు పోయేకొద్దీ నది వేగం పెరుగుతుందని అప్పటిదాకా అనుకునేవాళ్లు, తగ్గుతుందని ఆ గొట్టం చూపించింది. ఇవాళ మనం దించబోయే కడ్డీకి ముత్తాత అదే. 1832లో ఫెరడే లండన్‌లో వాటర్లూ వంతెన మీద నుంచి థేమ్స్ నదిలోకి రాగి రేకులు దించి, భూమి అయస్కాంతశక్తిలో కదిలే నీళ్లలో పుట్టే కరెంటును పట్టాలని చూశాడు. నికరమైన కొలత దొరకలేదు. ఆయన పట్టుకోలేనిదాన్ని ఈ కడ్డీ కొన పట్టుకుంటుంది, ఎందుకంటే తన అయస్కాంతాన్ని తానే మోసుకొస్తుంది.

కడ్డీని చూడండి. 25 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్, కొన దగ్గర రెండు చిన్న లోహపు చుక్కలు, అవే ఎలక్ట్రోడ్లు. వాటిని వేలితో తాకవద్దని మేడం హెల్పర్‌ను వారించింది, చేతి జిడ్డు అంటుతుంది. ఎంత లోతు దించాలో ఇప్పుడు తేల్చాలి. గొట్టం గోడను ఆనుకున్న నీళ్లు దాదాపు కదలవు, నడిమిలో అన్నిటికంటే వేగంగా పోతాయి. సుళ్లు లేని తిన్నని గొట్టంలో సగటు వేగం గోడ నుంచి వ్యాసంలో ఎనిమిదో వంతు దూరంలో దొరుకుతుంది. 590.8లో ఎనిమిదో వంతు 74. అక్కడ ఐదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే అంకె ఒక శాతం జరుగుతుంది. గొట్టం పైచర్మం నుంచి ఫిట్టింగు నట్టు అంచుదాకా 262, గోడా పొరా కలిసి 9.6, ఆపైన 74. మొత్తం 346. ఎలక్ట్రోడ్ల నుంచి అంత దూరం కొలిచి కడ్డీ మీద మార్కర్‌తో గీత గీశారు.

"ముందుగాల చైను," అన్నాడు ఫిట్టర్.

6 కేజీల ప్రెషర్ ఈ లావు కడ్డీని 29 కిలోల బలంతో బయటికి తోస్తుంది. పట్టు జారితే కడ్డీ తూటాలా లేస్తుంది. అందుకే గొలుసు కొక్కెం కప్లింగుకు తగిలించాకే వాల్వ్ ముట్టుకుంటారు. ఎవరి మొహమూ కడ్డీకి ఎదురుగా ఉండకూడదు. మీరు కూడా పక్కకు జరగండి.

కడ్డీని ఫిట్టింగులో దూర్చి, నట్టు వేళ్లతో బిగించి, బాల్ వాల్వ్‌ను నెమ్మదిగా తెరిచారు. నీళ్లు ఎక్కిన చప్పుడు. కడ్డీ ఒక్కసారి పైకి తన్నింది, గొలుసు బిగుసుకుంది. ఫిట్టర్, వెల్డర్ ఇద్దరూ రెండు వైపులా నిలబడి తల దగ్గర పట్టుకుని నొక్కుతున్నారు. నట్టు సందులోంచి సన్నటి ధార వెల్డర్ చొక్కా తడిపింది. గీత నట్టు అంచుకు వస్తోంది. ఇంకొంచెం, ఇంకొంచెం.

"ఆపు. గీత మీదనే ఉంది."

ఇప్పుడు దిక్కు సరిచూడాలి. కడ్డీ తల మీద బాణం గుర్తుంది, అది నీళ్లు పోయే దిక్కుకు చూడాలి. కంటితో చూస్తే సరిగానే ఉంది. అయినా ఫిట్టర్ లైన్ దారం తీసి గొట్టం నడివెన్ను మీదుగా లాగించాడు, కడ్డీ తల మీది అడ్డపట్టీని దానికి సమాంతరంగా తిప్పాడు. ఐదు డిగ్రీలు తప్పితే అర శాతం లోపు పోతుంది, పది తప్పితే ఒకటిన్నర శాతం పోతుంది. రెండు పానాలతో, ఒకటి ఎదురు పట్టి ఒకటి తిప్పుతూ నట్టు బిగించారు. లోపలి ఫెరూల్ ఒకసారి కడ్డీని కరిస్తే మళ్లీ లోతు మార్చడం కుదరదు. అందుకే చివరి చుట్టుకు ముందు మేడం స్కేలు పెట్టి ఇంకోసారి కొలిచింది. 346. ధార ఆగింది.

వైరింగ్‌లో చెప్పుకోవాల్సింది ఒక్కటే. పంపు మోటర్ల హెచ్‌టీ కేబుళ్లు ఉన్న ట్రేలో సిగ్నల్ వైరు వేయలేదు. పదహారు మీటర్ల అదనపు కేబుల్‌కు విడిగా కండ్యూట్ పాతారు, షీల్డ్‌ను కంట్రోల్ రూమ్ వైపు మాత్రమే ఎర్త్ చేశారు. రెండు చివర్లా ఎర్త్ చేస్తే షీల్డ్ లోంచే దొంగ కరెంటు తిరిగి సెన్సర్ చెప్పే మాటను చెడగొడుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో లోపలి వ్యాసం 590.8 అని ఎక్కించారు, రేంజ్ సున్నా నుంచి 3,000. మల్టీమీటర్‌లో 13.98 మిల్లీ యాంపులు. 4కు సున్నా, 20కి 3,000 అయితే 14కు 1,875. కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్‌లో వినబడింది, "పద్దెనిమిది వందల డెబ్బై చూపిస్తుంది మేడం."

సంతోషపడాల్సిన సమయం ఇదే అనిపిస్తుంది. కానీ ఇప్పటిదాకా ఆ అంకెకు సాక్షి ఎవరూ లేరు. తెర మీదున్నది సెన్సర్ మాట, సెన్సర్‌కు మనం చెప్పిన మాట. మేడం ప్రశ్న గుర్తు ఇంకా అలాగే ఉంది.

అవతలి చివర సంపు ఉంది, రెండు గదులది. ఒక గది నీళ్లు ప్లాంటు తోడుకుంటుండగా రెండో గది బయటికి పోయే వాల్వ్ మూయించారు, వచ్చే నీళ్లన్నీ దాంట్లోకి మళ్లించారు. ఆ గది 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, అంటే సరిగ్గా వెయ్యి చదరపు మీటర్లు. గోడకు కొట్టిన స్కేలు దగ్గర హెల్పర్ బోర్లా పడుకున్నాడు, కన్ను నీటి మట్టానికి సాధ్యమైనంత దగ్గరగా పెట్టాడు. ఫోన్‌లో అరగంటకు టైమర్ పెట్టారు. ఎండ నడినెత్తికి వచ్చింది. నీళ్లు ఎక్కుతున్నట్టే కనబడవు. కాసేపటికి స్కేలు మీద తడి గీత ఒక్కో అంకెను మింగుతూ పోతోంది.

టైమర్ మోగింది.

"తొంభై మూడు సెంటీమీటర్లు ఎక్కింది మేడం!"

అరగంటకు 930 ఘనపు మీటర్లు, గంటకు 1,860. సెన్సర్ చూపిస్తున్నది 1,870 చుట్టూ. తేడా ఒక శాతం లోపు. డ్రాయింగ్‌లో ఉన్న 600 నమ్మి ఉంటే 1,930 దాకా చూపించేది, అరగంటకు మూడు సెంటీమీటర్లకు పైగా దొంగలెక్క తేలేది. మేడం నోట్‌బుక్‌లో ప్రశ్న గుర్తు కొట్టేసింది.

అల్యూమినియం పట్టీ మీద పంచ్‌తో అంకెలు కొట్టడం వెల్డర్ వంతు. బయటి వ్యాసం 610, ఉక్కు 7.6, పొర 2, దించిన లోతు 346, తేదీ. పట్టీని తీగతో కప్లింగుకు కట్టాడు. బిళ్లను మేడం కవర్‌లో వేసి మీదా అవే అంకెలు రాసి ఫైలుకు జతచేసింది. సామాన్లు సర్దుతూ ఫిట్టర్ ఆమెను పిలిచాడు.

"మేడం, వానాకాలం గోదారి ఎర్రగ వస్తది. ఒండ్రు కొనకు పడ్తది. దసరకు ముందు ఒకసారి ఊడదీసి మెత్తటి బట్టతోని తుడిపియ్యుండ్రి, మళ్ల గదే లోతుకు పెట్టియ్యుండ్రి. పట్టీ సూడకుంట ఎవ్వలనీ ముట్టనియ్యకుండ్రి."

"రెండో లైన్ కూడా రేపు చేసేద్దామా అన్నా?"

"చేద్దాం. కని దాని బెండ్లు ఏడున్నయో పొద్దుగూకక ముందే సూసొస్త."

హెల్పర్ చేతికి సుద్దముక్క ఇచ్చి, అతన్ని వెంటబెట్టుకుని ఫిట్టర్ రెండో లైన్ వైపు నడిచాడు.